తిప్పి చదవాల్సిన కథలు

కోట తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గుమ్మం ముందు ముసలివాళ్లు చీపుళ్లతో నేల ఊడుస్తున్నారు. పైన, బురుజు మీద ఒక మనిషి తాపీగా కూర్చుని తంత్రీవాద్యం మీటుతున్నాడు. పక్కన ఇద్దరు కుర్రవాళ్లు. కింద జెండాలు పట్టుకున్న సైన్యం. అందరికన్నా ముందున్న సేనాని గుర్రం కళ్లెం వెనక్కి లాగి పట్టుకున్నాడు.

కాంగ్‌షీ చక్రవర్తి కాలం (1662–1722) నాటి చైనా పింగాణీ మీద కనిపించే 'ఖాళీ కోట' ఘట్టం ఇది. బురుజు మీద ఉన్నవాడు షూ రాజ్యపు మంత్రి జూగె ల్యాంగ్. కోటలో ఆయనకు సైన్యం లేదు. శత్రు సేనాని సిమా యి అపారమైన బలగంతో వచ్చి పడ్డాడు. పారిపోతే దొరికిపోతాడు, తలుపులు మూస్తే లోపల ఎవరూ లేరని తెలిసిపోతుంది. అందుకని తలుపులు తీయించి సంగీతం మొదలుపెట్టాడు. ఇంత నిబ్బరంగా ఉన్నాడంటే లోపల ఏదో మాటు ఉందని భయపడి సిమా యి వెనుదిరిగాడు. క్రీస్తుశకం 3వ శతాబ్దపు ఈ మనుషులిద్దరూ చరిత్రలో ఉన్నవాళ్లే. ఈ ఘటన మాత్రం జరిగిందని చరిత్రకారులు ఒప్పుకోరు. కథకులు అల్లారు, నాటకాలవాళ్లు ఆడారు, 'మూడు రాజ్యాల' నవల దాన్ని స్థిరపరచింది, కుమ్మరుల ఊరు దాన్ని కూజాలకెక్కించింది.

చిత్రకారుడు ఎంచుకున్న క్షణాన్ని చూడండి. సైన్యం వచ్చే ముందూ కాదు, వెళ్లిపోయాకా కాదు. సేనాని చేయి కళ్లెం మీద బిగిసిన క్షణం. వాద్యం ఇంకా మోగుతూనే ఉంది. తర్వాత ఏమవుతుందో చూసేవాడికి ముందే తెలుసు, బొమ్మలో ఉన్నవాడికే తెలియదు. ఈ పాత్రల గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. వాటి వేలంపాట ధరలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అడుగున ఉన్న ముద్ర చదివి కాలం చెప్పేవాళ్లూ ఉన్నారు. పాత్ర చుట్టూ గీసిన కథను చదివేవాళ్లే తక్కువ. దాన్ని చదవాలంటే రంగు ఎలా పుట్టిందో, గీత ఎందుకు అలా ఉందో తెలియాలి.

పింగాణీ మీద కథలు గీయడం కాంగ్‌షీ కాలంలో మొదలైంది కాదు. 14వ శతాబ్దంలో, మంగోలుల యువాన్ వంశపు చివరి రోజుల్లో, తెలుపు మీద నీలంతో గీసిన పెద్ద జాడీలు కొన్ని ఉన్నాయి. పులి, చిరుత లాగే బండిలో కూర్చుని గ్వీగుజి అనే ముని, శత్రువులకు చిక్కిన శిష్యుణ్ణి విడిపించడానికి కొండ దిగి వస్తున్నట్టు గీసిన జాడీ 2005లో లండన్‌లో దాదాపు 1 కోటి 57 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. ఆ బొమ్మకూ 1321–23 మధ్య అచ్చయిన ఒక కథాపుస్తకంలోని బొమ్మకూ పోలిక స్పష్టంగా ఉంది. పుస్తకం నుంచి కూజాకు సాగిన దారి అప్పటికే పడిందన్నమాట.

ఆ దారి వెడల్పయింది 17వ శతాబ్దంలో. 1620లో వాన్లీ చక్రవర్తి పోయాక రాజాస్థానపు ఆర్డర్లు తగ్గిపోయాయి. కుమ్మరుల ఊరైన జింగ్‌దజెన్‌లో పనివాళ్లు కొత్త కొనుగోలుదారుల కోసం వెతుక్కున్నారు: వర్తకులు, చదువుకున్న ఉద్యోగులు, సముద్రం అవతలివాళ్లు. దర్బారుకు డ్రాగన్లూ ఫీనిక్సులూ కావాలి. వీళ్లకు చదివిన నవల, చూసిన నాటకం కావాలి. జింగ్‌దజెన్‌కు దగ్గర్లోనే హుయ్‌జౌ ప్రాంతం ఉంది. చెక్క అచ్చులతో బొమ్మల పుస్తకాలు వేయడంలో అక్కడివాళ్లది దేశంలోనే పేరున్న చేయి. ఆ పుస్తకాలు కుమ్మరుల ఊరికి రావడానికి పెద్దగా ప్రయాణమేమీ అక్కర్లేదు.

తర్వాత కష్టకాలం. 1670లలో సేనాని వూ సాంగ్వీ తిరుగుబాటు మంటల్లో జింగ్‌దజెన్ బట్టీలు చాలా వరకు నాశనమయ్యాయి. 1683లో చక్రవర్తి తరఫున త్సాంగ్ యింగ్‌శ్వాన్ వచ్చి రాజుగారి బట్టీలను మళ్లీ నిలబెట్టాడు. ఆ తర్వాతి నలభై ఏళ్లలో చేసిన ఆకుపచ్చ ప్రధానమైన ఎనామెల్ పింగాణీయే కథాచిత్రాలకు శిఖరమని నా అభిప్రాయం.

దాని పనితనం గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

ముందు తెల్ల పాత్ర కావాలి. దానికి రెండు పదార్థాలు. ఒకటి గావ్‌లింగ్ కొండ దగ్గర దొరికే తెల్ల బంకమన్ను. ఇంకొకటి పింగాణీ రాయి. ఏటి నీటితో తిరిగే రోకళ్ల కింద దాన్ని దంచి, కడిగి, వడగట్టి, ఇటుకల్లా అచ్చు వేసి ఊరికి తెచ్చేవారు. మన్ను పాత్రకు ఒడ్డూ పొడుగూ నిలిపే ఎముక. రాయి సుమారు 1300 డిగ్రీల వేడిలో కరిగి ఆ ఎముకను పట్టి ఉంచే కండ. పైన మెరుగుపూతకు అదే రాతిపొడిలో సున్నం, ఫెర్న్ మొక్కల బూడిద కలుపుతారు. పాత్రల మీద పొగా మసీ పడకుండా మట్టి డబ్బాల్లో పెట్టి, పైన్ కట్టెలతో కాలుస్తారు. బయటికి వచ్చేసరికి పాత్ర తెల్లగా, గట్టిగా, వేలితో మీటితే మోగేలా ఉంటుంది. ఇక్కడితో ఒక పని పూర్తయింది. బొమ్మ ఇంకా మొదలు కాలేదు.

ఎనామెల్ అంటే గాజే. సీసం ఆక్సైడు, పలుగురాతి పొడి కలిపి కరిగించి, అందులో రంగునిచ్చే లోహం చేర్చి, మళ్లీ మెత్తగా నూరుతారు. రాగి ఆకుపచ్చనిస్తుంది. ఇనుము పసుపునిస్తుంది. మాంగనీసు వంకాయ రంగునిస్తుంది. కోబాల్టు నీలాన్నిస్తుంది. ఈ గాజుపొడిని కాలిన తెల్ల పాత్ర మీద పూసి, సుమారు 800 డిగ్రీల దగ్గర రెండోసారి కాలుస్తారు. మొదటి మంటంత వేడి తగిలితే ఈ రంగులు నిలవవు. రెండు మంటల పద్ధతి అందుకే వచ్చింది.

ఎరుపు సంగతి వేరు. అది గాజు కాదు, ఇనుప తుప్పును మెత్తగా నూరి జిగురుతో కలిపి పల్చగా వేసేది. కాలాక కూడా కొంచెం పొడిగా, మెరుపు తక్కువగా ఉంటుంది. పాత పాత్రల మీద మొదట అరిగేది ఇదే. నలుపుకు ఇంకో చిక్కు ఉంది. కోబాల్టు, మాంగనీసు ఉన్న ఖనిజాన్ని నూరి గీసే నల్ల గీత తనంతట తాను పాత్రకు అంటుకోదు. మీద పారదర్శకమైన ఆకుపచ్చో మరో గాజురంగో కప్పితేనే నిలుస్తుంది. చిత్రకారుడు అందుకని ముందు నల్లని సన్నగీతతో బట్ట మడతలు, గుర్రం జూలు, రాతి పగుళ్లు గీసుకుంటాడు. తర్వాత వాటి మీద రంగు నింపుతాడు. గీత అడుగున ఉంటుంది, రంగు పైన ఉంటుంది. మన తోలుబొమ్మలో నల్ల గీతల మధ్య రంగుల్లోంచి దీపం వెలుగు వచ్చినట్టు, ఇక్కడ రంగుల్లోంచి పింగాణీ తెలుపు పైకి వస్తుంది.

మింగ్ కాలపు ఐదు రంగుల పింగాణీలో నీలాన్ని కాల్చని పాత్ర మీద, మెరుగుపూత కిందే వేయాల్సి వచ్చేది. మిగతా రంగులు రెండో మంటకు. అంటే బొమ్మలో నీలం ఎక్కడ వస్తుందో ముందే తేల్చుకోవాలి. ఒకే బొమ్మ రెండు పూటల పని, చాలాసార్లు రెండు చోట్ల పని. కాంగ్‌షీ కాలంలో మెరుగుపూత మీద వేయగల నీలం ఎనామెల్ బాగా వాడుకలోకి వచ్చింది. చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, కథ చెప్పేవాడికి ఇది విడుదల. మొత్తం బొమ్మను కాలిన తెల్ల పాత్ర మీద ఒకే వరసలో గీసుకోవచ్చు. సేనాని అంగరఖా నీలం కావాలంటే నీలం, మనసు మారితే వంకాయ రంగు.

ఈ రంగులతో ఒకటి చేయలేరు. నీడ వేయలేరు. ఒక రంగు ఇంకో రంగులోకి మెల్లగా కరిగిపోయేలా చేయడం వీటికి రాదు. ముఖాలకు చాలావరకు రంగే వేయరు. తెల్ల పింగాణీయే చర్మం, దాని మీద నాలుగు సన్నగీతలు. ఈ లోటు వల్లే కథాచిత్రం బలపడిందని నేను నమ్ముతాను. నీడలు లేనప్పుడు మనిషి భంగిమ మాట్లాడాలి. చేయి ఎత్తిన తీరు, మెడ తిప్పిన వైపు, గుర్రం చెవులు కథ చెప్పాలి. పైగా వేషం చూడగానే ఎవరో తెలియాలి. అందుకు నాటకరంగం తోడొచ్చింది. ఎర్ర ముఖం, పొడుగు గడ్డం ఉంటే గ్వాన్ యు. ఈకల విసనకర్ర ఉంటే జూగె ల్యాంగ్. వీపు మీద జెండాలు, కిరీటం మీద పొడవాటి నెమలిజాతి పక్షి ఈకలు కనబడితే అవి నేరుగా రంగస్థలం నుంచి దిగినవే.

ఫ్రాన్స్వా గ్జావియే దాంత్రకోల్ అనే ఫ్రెంచి జెసూట్ మతగురువు 1712లోనూ 1722లోనూ జింగ్‌దజెన్ గురించి రాసిన రెండు ఉత్తరాలు లేకపోతే యూరపుకు ఈ పని ఇంత వివరంగా తెలిసేది కాదు. ఒక్క పాత్ర డెబ్బై చేతులు మారుతుందని అక్కడివాళ్లు చెప్పుకునేవారని ఆయన రాశాడు. రాత్రిపూట ఊరంతా తగలబడుతున్నట్టు కనిపిస్తుందనీ రాశాడు. చిత్రకారుల గురించి మాత్రం ఆయన తీర్పు కఠినం: మిగతా కూలీలంత బీదవాళ్లు, యూరపులో కొన్ని నెలలు నేర్చుకున్న శిష్యుడి పాటి పనితనం. ఇది పొరపాటు తీర్పు. వెలుగునీడలతో గుండ్రదనం చూపడమే చిత్రకళ అనుకున్న కంటికి, గీతతో నడిచే చిత్రం తక్కువగా కనబడింది. ఒక అచ్చుబొమ్మను చూసి దాన్ని వంపు తిరిగిన, జారుడు గాజు ఉపరితలం మీద, చెరిపి దిద్దే వీలు పెద్దగా లేకుండా వేయడం ఎంత కష్టమో ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

ఒకరు గీతలు గీస్తే ఇంకొకరు రంగు నింపేవారు. తర్వాతి కాలంలో రాజుగారి బట్టీల అధికారిగా పనిచేసిన తాంగ్ యింగ్ (1682–1756) నీలి చిత్రాల గురించి రాస్తూ, గీసేవాడు గీయడమే నేర్చుకుంటాడు, నింపేవాడు నింపడమే నేర్చుకుంటాడు, చేయి ఒక్క తీరుగా ఉండడానికి ఇదే దారి అంటాడు. 1728లో జింగ్‌దజెన్ చేరిన ఈయన స్నేహితుల రాకపోకలు మానేసి, మూడేళ్లు పనివాళ్లతో కలిసి తిని, కలిసి ఉండి పని నేర్చుకున్నాడు. 1743లో చక్రవర్తి ఆజ్ఞ మీద పింగాణీ తయారీ 20 చిత్రాలకు ఆయన రాసిన వివరణలు ఇప్పటికీ ఈ విద్యకు మూలగ్రంథం. రంగు కలపడానికి మూడు ద్రవాలు వాడతారని అందులో ఉంది: పల్చగా వన్నెలు దిద్దడానికి సువాసన నూనె, పరుచుకుంటూ పూయడానికి జిగురు నీరు, మందంగా పేర్చడానికి మామూలు నీరు. రంగుల స్వభావం తెలియడానికి ముందు తెల్లటి పలక మీద వేసి కాల్చి చూడాలనీ ఉంది. కాలకముందు కనిపించే రంగు వేరు, కాలాక వచ్చే రంగు వేరు కాబట్టి. పెద్ద పాత్రలను రెండు గోడల మధ్య బొగ్గు నింపిన మూడడుగుల మూసిన కొలిమిలో ఒక పగలూ రాత్రీ కాల్చేవారు. చిన్నవాటికి తెరిచిన కొలిమి.

ఇంత చేసిన చిత్రకారుల్లో ఒక్కరి పేరైనా కాంగ్‌షీ కాలపు ఈ పాత్రల మీద లేదు.

కథలు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో చూస్తే, ఆ సమాజం దేన్ని తలచుకోవాలనుకుందో తెలుస్తుంది. 'మూడు రాజ్యాలు' అన్నిటికన్నా ముందు. షూ రాజ్యపు ప్రభువు కాబోయే ల్యూ బెయ్, అన్నదమ్ములుగా ప్రమాణం చేసుకున్న ఇద్దరితో కలిసి జూగె ల్యాంగ్ పూరిపాకకు మూడుసార్లు వెళ్లి, మూడోసారి ఆయన నిద్ర లేచేదాకా నిలబడి ఎదురుచూసిన ఘట్టం చదువుకున్నవాళ్లకు ప్రీతి. రాజు పండితుడి గుమ్మంలో కాచుకోవడం వాళ్లకు నచ్చకుండా ఉంటుందా! చాంగ్‌బాన్ దగ్గర జావ్ యున్ తన ప్రభువు పసిబిడ్డను కవచంలో దాచుకుని ఒంటరిగా శత్రుసేనను చీల్చుకుంటూ వచ్చేది మరొకటి. కొండ మీది నుంచి శత్రునాయకుడు ట్సావ్ ట్సావ్ చూస్తూ, బాణాలు వేయొద్దు, ప్రాణాలతో పట్టుకోండి అంటాడు. గుండ్రటి పాత్ర మీద ఈ తరుముడుకు మొదలూ చివరా ఉండదు. తిప్పిన కొద్దీ జావ్ యున్ ముందు ఉంటాడు, సైన్యం వెనక ఉంటుంది, ఇంకాస్త తిప్పితే ఆ సైన్యమే ఆయనకు ఎదురొస్తుంది.

కత్తులూ గుర్రాలూ ఉన్న ఇలాంటి యుద్ధచిత్రాల పాత్రలను అక్కడి వ్యాపారులు 'దావ్ మా రెన్' అంటారు. సేకర్తలు ఎక్కువ పోటీపడేది వీటికే. 'నీటి ఒడ్డు' నవలలోని 108 మంది తిరుగుబాటుదారులూ కనిపిస్తారు. చెన్ హాంగ్‌షౌ (1598–1652) గీసిన పేకముక్కల్లోని నలభై వీరుల బొమ్మలు పింగాణీ చిత్రకారులకు నమూనాలయ్యాయి. యాంగ్ వంశపు ఆడవాళ్లు, మగవాళ్లంతా యుద్ధాల్లో పోయాక తామే ఆయుధాలు పట్టినవాళ్లు, మూ గ్వీయింగ్ ముందుండగా గుర్రాలపై దౌడు తీస్తారు. తాంగ్ వంశపు సేనాని గ్వో జియి (697–781) పుట్టినరోజు పండగ మరీ ఎక్కువ. ఏడుగురు కొడుకులు, ఎనిమిది మంది అల్లుళ్లు దండం పెట్టడానికి వస్తుంటారు. పెద్దవాళ్ల పుట్టినరోజుకు కానుక ఇవ్వాలంటే ఇంతకన్నా శుభమైన బొమ్మ ఏముంటుంది? 'పశ్చిమ మందిరం' ప్రేమకథను మాత్రం యుద్ధకథల పక్కన పెట్టి రెండు మాటల్లో తేల్చలేను. అది వేరే వ్యాసం.

నవల బొమ్మను యథాతథంగా దింపితే సరిపోదు. పుస్తకం పుట చదునైనది, దీర్ఘచతురస్రం. కాంగ్‌షీ కాలంలో బాగా నడిచిన పొడవాటి స్తంభం లాంటి కూజాకు నాలుగు వైపులూ లేవు. చిత్రకారుడు కొండరాయితో, అరటిచెట్టుతో, మేఘంతో, ప్రహరీగోడతో సన్నివేశాన్ని ఆపి, అక్కడి నుంచి ఇంకోదాన్ని ఎత్తుకుంటాడు. ముఖ్యపాత్రను పాత్ర పొట్ట బాగా ఉబ్బిన చోట, వెలుతురు పడే చోట నిలబెడతాడు. ముందు నుంచి చూస్తే శత్రువు కనబడడు. చేత్తో తిప్పాలి, లేదా చుట్టూ నడవాలి. సస్పెన్సు మొత్తం ఆ వంపులో ఉంది.

1720ల నుంచి గులాబీ రంగు వచ్చింది. అతి సూక్ష్మమైన బంగారు రేణువులతో కెంపు వన్నె, ఆర్సెనిక్ కలిసిన సీసపు గాజుతో చిక్కటి తెలుపు. తెలుపు కలిపితే ఏ రంగునైనా లేతగా, మెత్తగా కరిగించవచ్చు. పూరేకుల మీద ఇది అద్భుతం చేసింది. యుంగ్‌జెంగ్, చ్యెన్‌లుంగ్ చక్రవర్తుల కాలపు పువ్వులు, పక్షులు చూస్తే నోట మాట రాదు. కానీ దర్బారు అభిరుచి అటు మళ్లాక యుద్ధకథలు వెనక్కి తగ్గాయి. ముఖాలకు గులాబీ నునుపు వచ్చింది, గీతలో పదును పోయింది. 19వ శతాబ్దంలో కథలు మళ్లీ విరివిగా వచ్చాయి. చిత్రకారుడు జిన్ గులియాంగ్ బొమ్మల పుస్తకంలోని నలభై మంది సాటిలేని చారిత్రక వ్యక్తులు కప్పుల మీదా పళ్లేల మీదా వరసగా నిలబడ్డారు. అయితే వాళ్లు నిలబడే ఉంటారు, ఏమీ చేయరు. పేరు, పద్యం పక్కన రాసి ఉంటాయి. కథ చెప్పడం నుంచి బొమ్మ చూపడానికి దిగింది. 20వ శతాబ్దంలో వాంగ్ చీ, వాంగ్ దాఫాన్ లాంటివాళ్లు సంతకాలతో మనుషుల బొమ్మలు వేసి ఆ లోటు కొంత తీర్చారు.

పాతదా కాదా అని అడిగేవాళ్లకు ఒక మాట. ముద్రను నమ్మకండి. 1677లో జింగ్‌దజెన్ అధికారి ఒకరు చక్రవర్తి పేరు పాత్రల అడుగున రాయొద్దని నిషేధించాడు, పగిలి తొక్కుళ్లపాలైతే అపచారమని. అందుకే అసలైన కాంగ్‌షీ పాత్రల్లో చాలావాటికి రెండు నీలి వలయాలు, మధ్యలో ఆకు బొమ్మో ఖాళీయో ఉంటుంది. రెండు వందల ఏళ్ల ముందటి చెంగ్‌హ్వా చక్రవర్తి పేరు గౌరవంగా రాసినవీ ఉన్నాయి. అనుకరణల మీద మాత్రం కాంగ్‌షీ పేరు చక్కగా ఉంటుంది. పాత నీలం ఎనామెల్ చుట్టూ, ఏటవాలుగా పట్టుకుంటే ముత్యపుచిప్ప లాంటి మెరుపు చుట్టుకుని ఉంటుంది. ఎరుపు అరిగి ఉంటుంది. ఇవి కూడా నకలు చేయగలరు. నకలు చేయడం కష్టమైనది గీత. కళ్లెం పట్టిన వేళ్లు నిజంగా లాగుతున్నాయా, ఊరికే ఉన్నాయా చూడండి. ఇంకొకటి: ఇంట్లో పాత ఎనామెల్ పళ్లెం ఉంటే అందులో పులుసు, పచ్చడి వడ్డించకండి. పులుపు ఆ రంగుల్లోని సీసాన్ని బయటికి లాగుతుంది. తినేవాళ్లకూ హాని, పళ్లేనికీ హాని.

చైనా పింగాణీని శ్రద్ధగా పోగుచేసినవాళ్లలో బొంబాయిలో పుట్టిన పెర్సివల్ డేవిడ్ (1892–1964) ఒకరు. ఆయన సేకరణ, సుమారు 1700 వస్తువులు, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆయన దృష్టి ఎక్కువగా దర్బారు వస్తువుల మీద ఉండేది. కాంగ్‌షీ ఆకుపచ్చ ఎనామెల్ చూడాలంటే లండన్‌లోనే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో జార్జ్ సాల్టింగ్ వీలునామా ప్రకారం 1910లో చేరిన సేకరణ ఇంకా మంచి చోటు. అంత దూరం వెళ్లనక్కర్లేదు. హైదరాబాదులో మూడో సాలార్‌జంగ్ (1889–1949) పోగుచేసిన వస్తువుల్లో చైనా పింగాణీకి తగినంత చోటు ఉంది.

మ్యూజియంలు నిర్వహించేవాళ్లకు నా విన్నపం ఒకటే. కథ ఉన్న పాత్రను గోడకు ఆనించి పెట్టవద్దు. చుట్టూ నడిచే వీలివ్వండి, లేదంటే వెనక అద్దం పెట్టండి. చీటీ మీద వంశం పేరు, సంవత్సరం రాసి ఆపేయకుండా, ఆ బొమ్మలో ఎవరు ఎవర్ని ఎందుకు తరుముతున్నారో తెలుగులో నాలుగు వాక్యాలు రాయండి.